కంపెనీ ఊరిని అడిగిందట! కూలీని ఎవరడిగారు?

థర్మల్ విద్యుత్ కేంద్రం కావచ్చు, సోలార్ పార్కు కావచ్చు, కొండల్లో కట్టే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు కావచ్చు. పని మొదలుకాకముందే పత్రికల్లో ఒక మాట వస్తుంది. "స్థానిక ప్రజలతో సంప్రదింపులు జరిపాం, వారు సహకరిస్తామన్నారు" అని. ఆ స్థానిక ప్రజలెవరు? వారిని ఎవరు ఎంపిక చేశారు? వారిలో సెంటు భూమి లేని కూలీలు ఎంతమంది? పాలేర్లు ఎంతమంది, కౌలుదార్లు ఎంతమంది, గొర్రెల కాపర్లు ఎంతమంది? ఈ లెక్క ఏ కంపెనీ కాగితంలోనూ సులువుగా దొరకదు.

మాకు కరెంటు మీద పగ లేదు. కూలీ ఇంట్లోనూ బల్బు వెలగాలి, రైతు మోటారూ తిరగాలి. కానీ కరెంటు పేరుతో పోయేది ఎవరి బతుకో, ఆ బతుకు గురించి మాట్లాడే హక్కు ముందు వాళ్లకుండాలి. ఈ వారం రాసేది ఆ హక్కు గురించే. కంపెనీలు ఊళ్లను ఎలా "కలుపుకుపోతాయో", చట్టం ఏం చెబుతుందో, అందులో కూలీకి చోటు ఎక్కడుందో, ఎక్కడ లేదో విడమరిచి చెప్పుకుందాం.

ఊళ్లోకి వచ్చే తీరు

కంపెనీ ముందు తన పేరుతో రాదు. మొదట ఒక దళారి వస్తాడు. భూముల రేట్లు అడుగుతాడు. పది ఎకరాల ఆసామితో, మాజీ సర్పంచితో, చీటీలు వేసే పెద్దమనిషితో కూర్చుంటాడు. తర్వాత సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతుతారు. ఆ తర్వాతనే కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాతో దిగుతాడు. ఆయన ఉద్యోగమే జనంతో మంచిగా ఉండటం. గుడికి చందా ఇస్తాడు, బడికి బెంచీలు ఇస్తాడు, కంటి పరీక్షల శిబిరం పెట్టిస్తాడు, మంచినీళ్ల ప్లాంటు మీద కంపెనీ పేరు రాయిస్తాడు. కుర్రాళ్లకు క్రికెట్ కిట్టు కూడా అందుతుంది. చివరగా "ఉద్యోగాల కోసం పేర్లు ఇవ్వండి" అని ఒక పుస్తకం తెరుస్తాడు.

ఆ పుస్తకం ఊరిని రెండు చేస్తుంది. పేరు రాయించుకున్న ఇల్లు నోరెత్తదు. రాయించుకోని ఇల్లు అనుమానంగా చూస్తుంది. పుస్తకంలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం ఇవ్వాలన్న చట్టం లేదు, దాని మీద కంపెనీ సంతకమూ ఉండదు. అయినా ఏడాది పాటు ఊరి నోరు కట్టెయ్యడానికి అది చాలు.

ఈ దానధర్మాల గురించి ఒక మాట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీలన్నీ ఇందులోకి వస్తాయి. అంటే మంచినీళ్ల ప్లాంటు కంపెనీ దయ కాదు, చట్టం పెట్టిన ఖర్చు. ఆ ప్లాంటు పెట్టినంత మాత్రాన చెరువులోకి బూడిద నీళ్లు వదలడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఒకటి బాకీ, ఇంకొకటి నేరం. బాకీ తీర్చి నేరం మాఫీ చేయించుకోవడం ఏ చట్టంలోనూ లేదు.

సోంపేట బీల చెప్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతాల్లో బీల అని ఒక పెద్ద చిత్తడినేల ఉంది. వానాకాలం నీరు నిలుస్తుంది. ఆ నీటితో ఎత్తిపోతల కింద పొలాలు పండుతాయి. చేపలు పట్టేవాళ్లు చేపలు పడతారు, పశువులున్నవాళ్లు మేపుకుంటారు, గడ్డి కోసుకునేవాళ్లు కోసుకుంటారు. కాగితంలో మాత్రం అది ప్రభుత్వ భూమి. ఎవరి పట్టా లేదు గనుక ఎవరిదీ కాదన్నారు. పనికిరాని బంజరన్నారు.

2008లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బీలలో సుమారు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ కేంద్రానికి కేటాయించింది. కేంద్రం సామర్థ్యం 2,640 మెగావాట్లు. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. జనం వచ్చి వద్దన్నారు. అయినా ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చేసింది. జనం రిలే నిరాహారదీక్షలకు కూర్చున్నారు. పర్యావరణ పరిరక్షణ సంఘం కాగితాలు పట్టుకుని అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్లింది.

2010 జులై 14న పోలీసు బలగాల అండతో పనులు మొదలుపెట్టబోయారు. రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్లు బీలలోకి దిగి అడ్డుకున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఎందరో గాయపడ్డారు. అదే రోజు ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడినేల అన్నది అక్కడ నిలిచింది. ఢిల్లీలో కాగితం చెల్లదన్న రోజునే, సోంపేటలో ఆ కాగితం కోసం ప్రాణాలు తీశారు.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. అక్కడా ప్రాణాలు పోయాయి. అక్కడ కూడా భూమి తంపర నేలే. పక్కనే తేలినీలాపురంలో ఏటేటా వలస పక్షులు వచ్చి వాలే చోటు. రెండుచోట్లా ఒకటే కథ. తడినేలను బంజరని రాశారు, బంజరు గనుక ఖాళీ అన్నారు, ఖాళీ గనుక అడగాల్సినవాళ్లే లేరన్నారు.

సోంపేటలో థర్మల్ కేంద్రం రాలేదు. జనం పోరాటమే దానికి మొదటి కారణం. కానీ రెండో కారణాన్నీ మర్చిపోకూడదు. బీలలో నీళ్లున్నాయని, చేపలున్నాయని, దాని కింద పొలాలున్నాయని జనం నోటితో చెప్పి ఊరుకోలేదు. కాగితం మీద పెట్టారు, ఆ కాగితాన్ని న్యాయస్థానం లాంటి చోటుకి తీసుకెళ్లారు. బీలలో దిగిన కాళ్లూ, ఢిల్లీ చేరిన కాగితమూ కలిస్తేనే గెలుపు వచ్చింది. మా కార్యకర్తలు సభల్లో మొదటి సగం బాగా చెబుతారు. రెండో సగం చెప్పేవాళ్లు తక్కువ.

సభ అంటే ఓటింగు కాదు

పర్యావరణ ప్రభావ అంచనా గురించి 1994లో కేంద్రం నోటిఫికేషను ఇచ్చింది. 1997లో పబ్లిక్ హియరింగు తప్పనిసరి చేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను. ఇందులో ఏముందో ప్రతి కూలి సంఘం నాయకుడికీ నోటికి రావాలి.

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటించాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలని నోటిఫికేషనులోనే రాసుంది. దండోరా చప్పుడు వినని కూలివాడలో "మీకు ముందే చెప్పాం" అనే మాట చెల్లదు. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉండాలి. సంక్షిప్త నివేదిక తెలుగులో ఉండాలి. సభ ప్రాజెక్టు స్థలం దగ్గరే జరగాలి. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తియ్యాలి. వచ్చిన ప్రతి మనిషికీ కంపెనీని వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో ఏమేం చెప్పారో తెలుగులో చదివి వినిపించాలి. అదే రోజు మినిట్సు మీద అధ్యక్షుడు సంతకం చెయ్యాలి. సభకు రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపుకోవచ్చు.

ఇంత రాసి పెట్టిన చోట రెండు కంతలు కూడా ఉన్నాయి. మొదటిది, సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. రెండోది, సభలో ఓటింగు లేదు. వెయ్యిమంది వద్దన్నా అనుమతి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. సోంపేటలో జరిగింది అదే. అందుకే కొందరు మిత్రులు "అయితే వెళ్లడం దేనికి, బహిష్కరిద్దాం" అంటారు. ఇంకొందరు "కుర్చీలు ఎత్తేసి సభ జరగనివ్వకుండా చేద్దాం" అంటారు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. స్థానికంగా జనం స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని అధికారులు నివేదిస్తే, హియరింగు లేకుండానే ముందుకు పోయే వీలు ఆ నోటిఫికేషనులోనే ఉంది. అంటే మనం సభను చెడగొడితే, ఆ చెడిపోవడం కంపెనీకే పనికిరావచ్చు. మనం రాకపోతే పుస్తకంలో మన మాట ఉండదు. వచ్చిన పదిమందీ కంపెనీ మనుషులే అయితే, "ప్రజలు స్వాగతించారు" అని మినిట్సులోకి ఎక్కుతుంది. బహిష్కరణ ఎప్పుడు చెయ్యాలో ఆ ఊరి పోరాటం తేల్చుకోవాలి. కానీ ఒక్క ముక్క కూడా రాతలో పెట్టకుండా బహిష్కరించడం మాత్రం పొరపాటు.

సభలో గెలుపు ఓటింగులో లేదు, రికార్డులో ఉంది. జవాబు లేని ప్రశ్న రికార్డుకెక్కాలి. చట్టం ప్రకారం ఆ ప్రశ్నలకు తుది నివేదికలో కంపెనీ సమాధానం రాయాలి. రాయకపోయినా, తప్పు రాసినా, రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు అదే మన ఆయుధం. 2010 చట్టంతో వచ్చిన ఈ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. అనుమతి మీద అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు మాత్రమే. ఆ 90 రోజులు దాటితే తలుపు మూసినట్టే. అనుమతి వచ్చిందని కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటన వెయ్యాలి, పంచాయతీకి కాపీ పంపాలి. ఆ కాపీ సర్పంచి బీరువాలో నిద్రపోకుండా చూసే బాధ్యత మనది.

30 రోజుల నోటీసే తక్కువ. చదువురాని కూలీకి వందల పేజీల నివేదిక చదివి చెప్పేవాళ్లు దొరికే లోపలే నెల గడిచిపోతుంది. అలాంటిది 2020లో కేంద్రం తెచ్చిన ముసాయిదాలో దాన్ని 20 రోజులకు కుదించాలని ప్రతిపాదించారు. దేశమంతా అభ్యంతరాలు వెల్లువెత్తాయి. కంపెనీ పరుగుకు జనం నోరు అడ్డమని పాలకులు ఎలా చూస్తారో ఈ ఒక్క సంగతి చాలు.

టెంటు కింద కూలి

సభ రోజున ఊరి బయట టెంటు వేస్తారు. ముందు వరస కుర్చీలు అధికారులకు, నాయకులకు. రెండో వరస భూమి అమ్ముకునే ఆసాములకు. వెనక ఎండలో నిలబడేది కూలీలు. కొన్నిచోట్ల ఆ కూలీల్ని కూడా మేస్త్రీ లారీలో తెస్తాడు. రోజు కూలి, భోజనం పొట్లం ఇస్తాడు. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొడితే చాలు. దానికి ఆ కూలీని తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ రోజు పని పోతే పొయ్యి వెలగదు. తప్పు లారీ ఎక్కిన వాడిది కాదు, ఆ లారీ కన్నా ముందు ఆ వాడకు వెళ్లని సంఘానిది.

మైకు దొరికినా కూలి ఏం మాట్లాడాలి? "మా బతుకులు పోతాయి" అంటే అధికారి తలూపి, "జీవనోపాధిపై ఆందోళన వ్యక్తం చేశారు" అని ఒక లైను రాసుకుంటాడు. ఆ లైనుకు కంపెనీ జవాబు కూడా ఒక లైనే: "స్థానికులకు ప్రాధాన్యం ఇస్తాం". అందుకే లెక్క చెప్పాలి. పని పోయే లెక్క.

ఒక ఊళ్లో 300 ఎకరాల వరి పోతుందనుకుందాం. ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు అన్నీ కలిపి ఎకరానికి 30 పనిదినాలు అనుకుందాం. ఒక్క పంటకే 9,000 పనిదినాలు. రెండు పంటలైతే 18,000. ఆ ఊళ్లో 150 కూలి కుటుంబాలుంటే, ఇంటికి ఏడాదికి 120 పనిదినాలు పోయినట్టు. యంత్రాలు వచ్చిన చోట ఈ సంఖ్య తగ్గుతుంది, కూరగాయలు పండే చోట పెరుగుతుంది. అందుకే వేరే ఊరి లెక్క తెచ్చి చెప్పకూడదు, మన ఊరి ముఠా మేస్త్రీని, ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లను అడిగి మనమే లెక్క కట్టాలి. అది కాగితం మీద రాసి, మైకులో చదివి, రెండో కాపీ మీద రసీదు సంతకం పెట్టించుకోవాలి. అప్పుడు కంపెనీ "ప్రాధాన్యం" అనే మాటతో తప్పించుకోలేదు. 18,000 పనిదినాలకు బదులు మీరు ఎన్ని పనిదినాలు ఇస్తారు, ఎవరికి ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు అని అడగొచ్చు.

చట్టంలో కూలి ఉన్నాడు, సమ్మతిలో లేడు

2013 భూసేకరణ చట్టం గురించి చాలామంది కూలీలకు తెలియని మాట ఒకటుంది. ఆ చట్టం ప్రకారం "బాధిత కుటుంబం" అంటే భూమి పోయినవాళ్లు మాత్రమే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పనిచేసి బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, పాలికాపులు, చేతివృత్తులవాళ్లు కూడా బాధితులే. పునరావాసం వాళ్లకూ వర్తిస్తుంది. ప్రాజెక్టులో ఉద్యోగాలు వచ్చే చోట ఇంటికొక ఉద్యోగం గాని, కుటుంబానికి ఒకేసారి 5 లక్షల రూపాయలు గాని, ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గని మొత్తం, ధరలకు తగ్గట్టు పెంచుతూ గాని ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూలు చెబుతుంది.

ఇక కంత చూడండి. ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి. ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. కానీ ఆ సమ్మతి లెక్కలోకి వచ్చేది భూమి యజమానులు, ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్నవాళ్లు మాత్రమే. కూలి బాధితుడే గాని అతని సమ్మతి అక్కర్లేదు! నష్టం లెక్కలో ఉంటాడు, అవునా కాదా అనే లెక్కలో ఉండడు.

ఇంకా కంతలున్నాయి. కంపెనీ రైతుల దగ్గర నేరుగా కొనేస్తే, ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి దాటితేనే పునరావాసం వర్తిస్తుంది. ప్రభుత్వ పోరంబోకునే కేటాయిస్తే, సోంపేట బీలలో జరిగినట్టు, సేకరణే లేదంటారు. పైగా తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ సవరణలు తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకున్నాయి. కూలీల పేర్లు మొదటిసారి కాగితం మీదికి ఎక్కాల్సిన చోటు ఆ అంచనాలోనే ఉంది. దాన్నే ఎత్తేస్తే కూలి మళ్లీ కనపడకుండా పోతాడు.

ఏం చెయ్యాలి? మన కూలీల జాబితా మనమే రాసుకోవాలి. ఏ పొలంలో, ఏ ఆసామి దగ్గర, ఎన్నేళ్లుగా పని. కౌలుదారైతే నోటిమాట కౌలు అయినా సరే, సాక్షుల పేర్లతో. గ్రామసభలో ఆ జాబితా పెట్టి తీర్మానం చేయించాలి. రేపు అధికారి "మీరు ఇక్కడ పనిచేశారనడానికి రుజువేది?" అని అడిగే రోజు వస్తుంది. అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

సోలార్‌కు సభే లేదు

థర్మల్ కేంద్రానికైనా సభ ఉంది. సోలార్ పార్కుకు అదీ లేదు. సౌర విద్యుత్ ప్రాజెక్టులు 2006 నోటిఫికేషను పరిధిలోకి రావని కేంద్రం ఎన్నోసార్లు స్పష్టం చేసింది. పొగ లేదు, బూడిద లేదు గనుక పర్యావరణ అనుమతి వద్దన్నారు. పొగ లేని మాట నిజమే. కానీ వేల ఎకరాల మీద అద్దాలు పరిచినప్పుడు ఆ నేల మీద మేసే గొర్రెకు, అక్కడ కంది కోసే కూలీకి ఏమవుతుందో అడిగే చోటు కూడా లేకుండా పోయింది.

కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. 2017లో పూర్తయింది. అప్పట్లో దేశంలోనే పెద్దదని చెప్పుకున్నారు. ఇలాంటి పార్కుల్లో పలకలు బిగించేటప్పుడు పని ఉంటుంది. బిగించాక అద్దాలు కడగడం, గడ్డి పీకడం, కాపలా కాయడం మిగులుతాయి. వేల ఎకరాల సేద్యం ఇచ్చిన కూలికి అది ఏ మూలకు? భూమి కౌలుకిచ్చిన ఆసామికి ఏటేటా అద్దె వస్తుంది. ఆ భూమిలో కలుపు తీసిన మనిషికి ఏదీ రాదు. ఇప్పుడు రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఇంకా ఎన్నో సోలార్ ప్రాజెక్టులకు భూములు వెతుకుతున్నారు. అడవి బిడ్డల కొండల్లో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వస్తున్నాయి. అక్కడ ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ఉంది, భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని అది చెబుతుంది. మైదానంలో సోలార్‌కు ఆ మాత్రం అడ్డు కూడా లేదు. సోలార్ పార్కులకూ ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలి, భూమి లేనివాళ్ల జీవనోపాధి నష్టాన్ని లెక్కకట్టాలి. ఇది మన డిమాండ్ల పట్టికలో ఇప్పుడే చేరాలి.

మాట ఇచ్చాక నిలబెట్టించాలి

అనుమతి వచ్చాక ఏమవుతుందో కూడా చూద్దాం. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సుమారు 650 గ్రాముల బొగ్గు కాలాలి. 1,000 మెగావాట్ల కేంద్రం పూర్తిగా ఒక రోజు నడిస్తే 15 వేల టన్నులకు పైగా బొగ్గు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. మూడో వంతు అనుకున్నా రోజుకు 5 వేల టన్నుల బూడిద. పది టన్నుల లారీలైతే 500. సభలో కంపెనీ ఇంజనీరు "బూడిదంతా సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది" అంటాడు. నూటికి నూరు శాతం వాడాలని నిబంధన నిజంగానే ఉంది, మొదటి నోటిఫికేషను 1999లో వచ్చింది, 2021 డిసెంబరు 31న కొత్తది వచ్చింది. అయినా బూడిద చెరువులున్న ఊళ్లలో ఎండాకాలం గాలి వీస్తే అన్నంలో ఏం పడుతుందో అక్కడి ఆడవాళ్లను అడగండి.

పొగ సంగతి ఇంకా ఘోరం. గంధకం పొగను తగ్గించే పరికరాలు పెట్టాలని 2015 డిసెంబరులో ప్రమాణాలు పెట్టి రెండేళ్ల గడువిచ్చారు. గడువును మళ్లీ మళ్లీ పొడిగించారు. 2025 జులైలో దేశంలోని బొగ్గు కేంద్రాల్లో అత్యధిక భాగాన్ని ఆ పరికరాల నుంచే మినహాయించారు. పదేళ్ల కిందట సభలో "పరికరం పెడతాం" అన్న మాట ఇవాళ ఏమైంది? ఇచ్చినవాడు మరిచాడు, అడగాల్సినవాడు చనిపోయాడు.

అందుకే కంపెనీ ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలన్న నిబంధనను పట్టుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ నివేదికలు తెప్పించి, ఊరి రచ్చబండ దగ్గర చదవాలి. అందులో రాసిందీ, కంటికి కనపడేదీ ఒకటేనా అని చూడాలి.

మన కమిటీల్లో మన మాట

చివరగా మనలో మనం చెప్పుకోవాల్సిన మాట. పోరాట కమిటీ ఏర్పడినప్పుడు అధ్యక్షుడు పెద్ద రైతే అవుతాడు. కార్యదర్శి కాస్త చదువుకున్న ఆసామి కొడుకు. కూలీలు ఊరేగింపుకు, లాఠీకి, కేసులకు. రేపు కంపెనీ ఎకరం రేటు రెట్టింపు చేస్తే కమిటీ సగం చీలిపోతుంది. రేటు పెరిగితే లాభం ఎవరికో వాళ్లు వెళ్లిపోతారు. కేసులు మాత్రం కూలీల మీద మిగులుతాయి. దీన్ని పైకి చెబితే "ఐక్యత చెడుతుంది" అంటారు. చెప్పకపోతేనే ఐక్యత చెడుతుంది. రైతు, కూలి కలిసే పోరాడాలి, కానీ కూలి పేరు లేని డిమాండ్ల పట్టిక మీద కూలి సంతకం పెట్టకూడదు. భూమి ధరతో పాటు పోయే పనిదినాల ధరా అందులో ఉండాలి. రాజీ కుదిరితే కేసులన్నీ ఎత్తివేయాలన్నది మొదటి షరతు కావాలి. కమిటీలో సగం మంది భూమి లేనివాళ్లు, అందులో ఊడ్పుల ముఠాల ఆడవాళ్లు ఉండాలి. చెరువు ఎప్పుడు ఎండుతుందో, ఏ గట్టు మీద గడ్డి దొరుకుతుందో, ఏ నెలలో పని ఉంటుందో వాళ్లకు తెలిసినంత కంపెనీ సర్వేయరుకు తెలియదు, మన నాయకులకూ తెలియదు.

సోంపేట బీలను కాగితం బంజరని రాసింది. అక్కడ బతికినవాళ్లు అది నీళ్లని, చేపలని, పొలమని చెప్పి నిలబెట్టారు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో కాగితం వస్తుంది. దాని మీద "స్థానిక ప్రజలు" అని రాసుంటుంది. ఆ రెండు మాటల్లో కూలి ఉన్నాడా లేడా అన్నది కంపెనీ రాయదు. నోటీసు వచ్చిన ముప్పై రోజుల్లో మన వాడల్లో మనం ఎన్ని పేర్లు రాశామో, ఎన్ని పనిదినాలు లెక్కగట్టామో, ఎన్ని ప్రశ్నలు రికార్డుకెక్కించామో దాన్నిబట్టి తేలుతుంది. కాబట్టి నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. ఈ ఆదివారమే జాబితా పుస్తకం తెరవండి.